గంట ఖరీదు ఎంత?

పిల్లలూ! క్రిందటి ఆదివారం ఉదయం మా పక్కింటి తండ్రీకొడుకులు ఒక తగాదా తీసుకుని నా దగ్గరికి వచ్చారు. తండ్రికి వీధి మొగలో కిరాణా కొట్టు ఉంది. కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. తగాదాకు కారణం అరచేతిలో ఇమిడే ఒక దీపం.

ఆ దీపాన్ని కుర్రవాడు తన నాయనమ్మ కోసం స్వయంగా తయారుచేశాడు. చీకటి పడగానే అది దానంతట అదే వెలుగుతుంది. తెల్లవారగానే దానంతట అదే ఆరిపోతుంది. రాత్రివేళ లేచినప్పుడు ముసలావిడకు స్విచ్చి కోసం గోడ తడుముకునే బాధ తప్పింది. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ దీపం చూసి మా వీధిలో పదిమంది, "మాకూ ఒకటి చేసిపెట్టు, నాయనా! 150 రూపాయలు ఇస్తాం," అన్నారట. కుర్రవాడు అందరికీ సరేనన్నాడు. మూడు వారాల్లో వాడికి పరీక్షలు!

"మీరే లెక్క చూడండి, మాస్టారూ," అన్నాడు తండ్రి. "సామానుకు 90 రూపాయలు, కోఠీకి పోయి వచ్చిన బస్సు చార్జీలు 60. మొత్తం 150. ఇటువంటి దీపమే బజారులో 180కి వస్తుంది. అంటే వీడు ఆదా చేసింది 30 రూపాయలు. దానికి మూడు సెలవు రోజులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంకా పది దీపాలు చేస్తాడట!"

"పది దీపాలకు 600 రూపాయలు లాభం వస్తుంది, మాస్టారూ! పైగా నేను పని నేర్చుకుంటున్నాను కదా!" అన్నాడు కొడుకు, ముఖం ఎర్రగా చేసుకుని.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అటువంటి తగాదా తీర్చడమే కష్టం. అందుకని నేను తీర్పు చెప్పక, ఒక కాగితం తీసి, "ఒరే అబ్బాయ్! రూపాయల లెక్క మీ నాన్న చెప్పాడు. గంటల లెక్క నువ్వు చెప్పు," అన్నాను.

వాడు తెల్లబోయాడు. వాడి దగ్గర ఆ లెక్క లేదు. మనలో చాలామంది దగ్గర ఉండదు. సామాను కొన్న చీటీ జేబులో ఉంటుంది గాని, కాలం కొన్న చీటీ ఎవరూ ఇవ్వరు. అయినా గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే చెప్పాడు. నేను రాశాను.

కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి సామాను తెచ్చినది 3 గంటలు. పటం చూసి, దీపం ఎలా వెలుగుతుందో అర్థం చేసుకున్నది 2 గంటలు. సోల్డరింగ్ ఒకటిన్నర గంట. తీరా అంతా అయ్యాక దీపం సరిగా వెలగలేదు. ఆ తప్పు వెతికినది 4 గంటలు. అట్టపెట్టె కత్తిరించి రంగు కాగితం అంటించినది ఒకటిన్నర గంట. మొత్తం 12 గంటలు.

ముందుగా దీపం సంగతి చెబుతాను. లేకపోతే ఈ గంటలు దేనికి పోయాయో మీకు తెలియదు. అందులో ఎల్.డి.ఆర్. అని బొత్తాం అంత ముక్క ఉంటుంది. వెలుతురు పడితే దాని నిరోధం కొద్ది వేల ఓములకు తగ్గుతుంది. చీకట్లో అది లక్షల ఓములకు పెరుగుతుంది. బ్యాటరీ ధనధ్రువం నుంచి లక్ష ఓముల రెసిస్టరు ద్వారా కొద్దిపాటి కరెంటు ట్రాన్సిస్టరు బేస్ దగ్గరికి వస్తుంది. పగలు ఆ కరెంటు ఎల్.డి.ఆర్. గుండా సులువుగా జారిపోతుంది. చీకటి పడగానే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు బేస్‌లోకి పోతుంది, ట్రాన్సిస్టరు తలుపు తెరుస్తుంది, ఎల్.ఇ.డి. వెలుగుతుంది. మూడు పెన్సిల్ సెల్లులు, అంటే నాలుగున్నర వోల్టులు చాలు.

మరి మొదట ఎందుకు వెలగలేదు? కుర్రవాడు బిసి 547 ట్రాన్సిస్టరును తిప్పి పెట్టాడు. దాని చదునైన ముఖం మన వైపు, కాళ్ళు కిందికి ఉండేటట్టు పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టరు, బేస్, ఎమిటరు వరుసగా ఉంటాయి. వీడు కలెక్టరును ఎమిటరు స్థానంలో పెట్టాడు. అలా తిరగబడితే ట్రాన్సిస్టరు బొత్తిగా పనిచెయ్యకపోదు. కాని కరెంటును పెంచే శక్తి బాగా తగ్గిపోతుంది. అందుకే దీపం మిణుగురు పురుగులా మినుకుమన్నది.

ఇప్పుడు మళ్ళీ లెక్కకు వద్దాం. గంటకు ఖరీదు ఎంత? 30 రూపాయల ఆదాను 12 గంటలతో భాగిస్తే గంటకు రెండున్నర రూపాయలు. "చూశారా, మాస్టారూ!" అన్నాడు తండ్రి. కాని ఈ భాగహారంలో ఒక పొరపాటు ఉంది. ఇది దీపం ఆదా చేసిన డబ్బునే చూస్తుంది గాని, ఆ గంటలు మరో పనికి పనికివచ్చేవా అని చూడదు. ఒక గంట ఖరీదు అంటే, ఆ గంటలో మనం చేయగలిగి ఉండీ మానుకున్న పని ఖరీదు. వేసవి సెలవుల్లో, ఎండకు బయటికి పోలేని మధ్యాహ్నం పూట గంట ఖరీదు చాలా తక్కువ. పరీక్షకు ముందు రాత్రి అదే గంట ఎంతో ఖరీదు. గడియారానికి రెండూ ఒకటే. మనకు కావు.

నేను కాగితం మీద నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ వైపు "నేర్చుకున్న గంటలు" అనీ, కుడి వైపు "చాకిరీ గంటలు" అనీ రాసి, "ఒక్కొక్క గంటా ఏ గడిలోకి పోతుందో నువ్వే చెప్పు," అన్నాను.

కుర్రవాడు ఆలోచించాడు. పటం అర్థం చేసుకున్న 2 గంటలూ ఎడమ గడి. సోల్డరింగ్ ఒకటిన్నర గంటా ఎడమ గడే, ఎందుకంటే వాడు ఆ పని చేయడం అదే మొదలు. బజారు పనిలో, అంగడివాడిని సామాను పేరు పెట్టి అడిగి, చూసి కొన్నది ఒక గంట ఎడమ గడి. బస్సులో కూర్చున్న 2 గంటలు కుడి గడి. అట్టపెట్టె కత్తిరించడం వాడికి మూడో తరగతిలోనే వచ్చు. కాబట్టి ఆ ఒకటిన్నర గంటా కుడి గడి.

తప్పు వెతికిన 4 గంటల దగ్గర మాత్రం ఆగిపోయాడు. నేను అడిగాను: "ఆ నాలుగు గంటల్లో ఏం చేశావు?"

"మూడు గంటలు అతుకులే మళ్ళీ మళ్ళీ సోల్డరు చేశాను. తరవాత విసుగెత్తి, ట్రాన్సిస్టరు కాళ్ళు సరిగా ఉన్నాయా అని పుస్తకం చూశాను."

తప్పు వెతకడం ఎలక్ట్రానిక్సులో అన్నిటికన్నా విలువైన చదువు. అయితే ఒకటే ఊహను పట్టుకుని మూడు గంటలు కూర్చోవడం వెతకడం కాదు. బ్యాటరీ వోల్టు చూశావా? ఎల్.ఇ.డి.ని విడిగా వెలిగించి చూశావా? బేస్ దగ్గర ఎన్ని వోల్టులున్నాయి? ఇలా ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టివేస్తూ పోతే అది వెతకడం. కుర్రవాడు నిజాయితీపరుడు. మూడు గంటలు కుడి గడిలో, ఒక గంట ఎడమ గడిలో వేశాడు.

కూడి చూస్తే నేర్చుకున్నవి ఐదున్నర గంటలు. చాకిరీ ఆరున్నర గంటలు. మొదటి ప్రయత్నానికి ఇది చెడ్డ లెక్కేమీ కాదు. ఐదున్నర గంటలు మంచి గురువు దగ్గర చదువుకున్నట్టే.

"కాగితం మీద లేని గంటలు ఇంకో మూడు ఉన్నాయి," అన్నాన్నేను. "నిన్ను కోఠీకి ఎవరు తీసుకుపోయారు?"

"నాన్న," అన్నాడు వాడు నెమ్మదిగా. ఆ రెండో శనివారం పొద్దున తండ్రి కొట్టు మూసి కొడుకుతో వెళ్ళాడు. ఆ సంగతి తండ్రి తన లెక్కలో చెప్పుకోలేదు. కొడుకు తన లెక్కలో వేసుకోలేదు. పిల్లలూ, మీ పనికి పట్టే కాలం ఎప్పుడూ మీది ఒక్కరిదే కాదు. సోల్డరు పొగ పోయేదాకా వంట ఆపుకుని కూర్చున్న అమ్మ కాలం కూడా అందులో ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. "ఇంట్లో చేస్తే చవక" అనేది ఒకప్పుడు నిజమే. అమెరికాలో హీత్‌కిట్ అనే సంస్థ 1947లో, యుద్ధంలో మిగిలిపోయిన సామాను కొని, ఆసిలోస్కోపు విడిభాగాలను ఒక పెట్టెలో పెట్టి అమ్మసాగింది. విద్యుత్తు అలలను తెర మీద చూపించే పరికరం అది. పెట్టెలోని పుస్తకం చూసి కొన్నవాళ్ళే బిగించుకోవాలి. తయారైనదాని కన్నా ఆ పెట్టె బాగా చవక. ఎందుకంటే, ఆ రోజుల్లో ఒక్కొక్క అతుకూ మనిషి చేతితో వేయవలసిందే. ఆ కూలి కొన్నవాడు తనకు తానే ఇచ్చుకునేవాడు. తరవాత యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు ఒక్క యంత్రం గంటకు పదివేల కొద్దీ ముక్కలను పలక మీద అమర్చగలదు. చేతిపని వల్ల కలిగే ఆదా పోయింది. హీత్‌కిట్ సంస్థ 1992లో కిట్ల అమ్మకం మానుకున్నది. కాబట్టి ఇవాళ డబ్బు ఆదా కోసం దీపం చేస్తానంటే చాలావరకు దండగే. నేర్చుకోవడం కోసం చేస్తానంటే ఆ మాట వేరు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ తప్పు సంగతి ఆ తండ్రీకొడుకులకు చెప్పాను. మీకూ చెబుతాను.

1994లో నేనొక ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుణ్ణి. పీరియడు పీరియడుకూ దానంతట అదే మోగే బడిగంట కావాలన్నారు. తయారైనది 2000 రూపాయలు చెప్పారు. "మన పిల్లల చేతే 700లో చేయిస్తాను," అన్నాను గొప్పగా. పదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. సోల్డరింగ్ కర్ర వాడి చేతిలో కలంలా ఆడేది. నవంబరు నుంచి జనవరి దాకా, బడి వదిలాక రోజూ రెండేసి గంటలు వాణ్ణి కూర్చోబెట్టాను. 14 గదులకు 14 పలకలు. అన్నీ ఒకే రకం. ఒక్కొక్కదానిలో ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే, ఒక బజరు.

గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాని మార్చిలో ఆ కుర్రవాడు లెక్కల పరీక్ష తప్పాడు. తరవాత మళ్ళీ రాసి గట్టెక్కాడు గాని, తోటివాళ్ళకన్నా వెనకబడ్డాడు. వాడు వాడిన కాలం సుమారు 60 రోజులు, 120 గంటలు. బడికి ఆదా అయినది 1300 రూపాయలు. గంటకు 11 రూపాయలు కూడా పడలేదు.

చాలా ఏళ్ళ తరవాత ఒక పెళ్ళిలో అతను కనిపించాడు. ఇప్పుడు మోటార్లు చుట్టే షాపు పెట్టుకున్నాడు. నేను ఆ సంగతి ఎత్తి, నా వల్ల పొరపాటు జరిగిందన్నాను. అతను నవ్వి ఇలా అన్నాడు: "మొదటి రెండు పలకలూ చేసినప్పుడు నేర్చుకున్నది ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నది, మాస్టారూ. మిగతా పన్నెండు పలకలు మీరు నా చేత చేయించకుండా ఉండవలసింది."

అప్పటినుంచి నేను పిల్లల చేత ఏ పని చేయించినా ఆ పన్నెండు పలకలు గుర్తుకు వస్తాయి. వచ్చిన పనిని మళ్ళీ మళ్ళీ చేస్తే చేతివాటం వస్తుంది, నిజమే. కాని కొంత దూరం పోయాక అది చదువు కాదు, కూలి. కూలి చేయడం తప్పు కాదు. కూలిని చదువు అని పిలిచి, కూలి ఇవ్వకుండా తప్పించుకోవడం తప్పు. నేను చేసినది అదే.

ఆ బడిగంటలో ఇంకో తప్పు కూడా చేశాను. కాలం కొలవడానికి 555 అనే చిప్పు వాడాను. ఒక రెసిస్టరు గుండా కెపాసిటరు నిండడానికి ఎంతసేపు పడుతుందో, ఆ వ్యవధిని అది కొలతగా తీసుకుంటుంది. చిన్న చిన్న వ్యవధులకు అది చక్కని చిప్పు. కాని వేడికి కెపాసిటరు గుణం మారుతుంది. నూటికి ఒక వంతు తప్పు వచ్చిందనుకోండి. 45 నిమిషాల పీరియడుకు 27 సెకండ్లు తేడా. ఎనిమిది పీరియడ్లకు 3 నిమిషాల 36 సెకండ్లు! సాయంత్రానికి మా గంట ఒక దారి, గడియారం ఒక దారి. దాన్ని సరిచేయడానికి వారాల తరబడి అవస్థపడ్డాను.

నిజానికి చవకరకం గోడ గడియారంలో కూడా క్వార్ట్‌జ్ స్ఫటికం ఉంటుంది. అది సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా 1 వస్తుంది. అదే ఒక సెకండు. సాధారణమైన స్ఫటికం రోజుకు రెండు సెకండ్లకు మించి తప్పదు. ఆ స్ఫటికం కొని వాడితే నా అవస్థ తప్పేది. స్వయంగా చేయడమంటే అన్నీ స్వయంగా చేయడం కాదు.

స్టీవ్ వోజ్నియాక్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆయన ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఒక కంప్యూటరు రూపొందించాడు. 1976లో అమ్మకానికి వచ్చిన ఆపిల్-1 అదే. దానికి గుండెకాయ వంటి 6502 చిప్పును ఆయన చెయ్యలేదు, కొన్నాడు. ఆ చిప్పు చుట్టూ మిగతావాటిని తక్కువ ముక్కలతో ఎలా అమర్చాలి అన్నదాని మీద తన కాలమంతా పెట్టాడు. ఇతరులు బాగా చేసినది కొనుక్కుని, తనకు మాత్రమే తోచినదాని మీద గంటలు ఖర్చుచేయడం తెలివి.

అయితే ఆదా చేయకూడని కాలం కూడా ఒకటి ఉన్నది. అది జాగ్రత్తకు పట్టే కాలం. ఈ దీపం నాలుగున్నర వోల్టులది. గోడ ప్లగ్గులో ఉండేవి 230 వోల్టులు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా దాని జోలికి పోవద్దు. సెల్లులు పెట్టేముందు తీగలన్నీ మరొక్కసారి చూసుకునే ఐదు నిమిషాలను ఏ గడిలోనూ వెయ్యవద్దు. వాటికి ఖరీదు కట్టకూడదు.

ఇదంతా విని తండ్రీకొడుకులు లేచారు. నేను తీర్పు చెప్పలేదు. ఆ కాగితం మాత్రం కుర్రవాడి చేతికిచ్చి, "రెండో దీపానికి రెండు గంటలు పడుతుందనుకో. పది దీపాలకు 20 గంటలు. 600 రూపాయలను 20తో భాగించుకో. ఆ 20 గంటలు ఏ గడిలోకి పోతాయో కూడా రాసుకో," అన్నాను.

మర్నాడు సాయంత్రం వాడే వచ్చాడు. గంటకు 30 రూపాయలు పడిందట. 20 గంటలూ కుడి గడిలోకే పోయాయట. పదిమంది ఇళ్ళకూ పోయి, ఆ దీపం ఎక్కడ దొరుకుతుందో చెప్పి వచ్చాడు. ఇద్దరు స్నేహితులు మాత్రం తామే చేసుకుంటామన్నారట. పరీక్షలయ్యాక వాళ్ళకు నేర్పుతానన్నాడు. కిందటి రోజు సాయంత్రం మూడు గంటలు కొట్లో కూర్చుని, తండ్రిని విశ్రాంతి తీసుకోమన్నాడని తరవాత తండ్రే చెప్పాడు.

"మరి ఈ దీపం తీసేసి బజారు దీపం పెట్టమంటావా?" అని నాయనమ్మను అడిగాను. "పెట్టనియ్యను!" అన్నదావిడ. ఆ మాట ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు.

పోయేముందు కుర్రవాడు ఒక సందేహం అడిగాడు. పెట్టె మీద ఎల్.డి.ఆర్.నూ, ఎల్.ఇ.డి.నీ పక్కపక్కనే పెట్టాడు. గది ఎంత చీకటిగా ఉన్నా దీపం సగం వెలుగుతోనే ఆగిపోతున్నది. ట్రాన్సిస్టరు సరిగానే ఉన్నది, సెల్లులు కొత్తవే. కారణం ఏమిటి? దీనికి మాత్రం ఎంతసేపు ఆలోచించినా ఆ గంటలు ఎడమ గడిలోకే పోతాయని చెప్పి పంపాను.

పిల్లలూ! మీరూ ఆలోచించండి. ఇంకో లెక్క కూడా చేయండి: పీరియడు 40 నిమిషాలు, రోజుకు 7 పీరియడ్లు, గంట నూటికి రెండు వంతులు ఆలస్యంగా నడుస్తుంది. బడి ఎంత ఆలస్యంగా వదులుతారు? ఈ నెలలో మీరు ఏ వస్తువు తయారుచేసినా, నోటు పుస్తకంలో రెండు గడులు గీసి, ఒక్కొక్క గంటా అందులో వేయండి. జవాబులు వచ్చే నెల చూసుకుందాం.

— మీ మాస్టారు